టిల్ వెనక నిలబడి చూసిన ‘క్రాకర్’

రాబీ కోల్ట్రేన్ అంటే అప్పటిదాకా నాకు హ్యారీ పాటర్ సినిమాల్లో హ్యాగ్రిడ్, అంతే. 2022 అక్టోబరులో ఆయన పోయారన్న వార్త వచ్చినప్పుడు, మాంచెస్టర్‌లో నాతో పనిచేసే లివర్‌పూల్ పెద్దాయన ‘‘ముందు క్రాకర్ చూడు’’ అన్నారు. 1993లో ఐటీవీలో మొదలైన సీరియల్. జిమ్మీ మెక్‌గవర్న్ సృష్టి. కథ నడిచేది మాంచెస్టర్‌లోనే.

ఆ రాత్రే మొదలుపెట్టాను. అందులో కోల్ట్రేన్ వేసిన ఫిట్జ్ సైకాలజిస్టు. నేరస్థుల మనసు చదవడంలో పోలీసులకు సాయపడతాడు. తాగుతాడు, సిగరెట్ ఆర్పడు, ఇల్లు తాకట్టు పెట్టి మరీ జూదమాడతాడు. మన సినిమాల్లో హీరో తాగితే వెనకాల ఒక భగ్నప్రేమ ఉండి తీరాలి, మనం జాలిపడాలి. ఇక్కడ అలాంటి సాకేమీ లేదు. భార్య జూడిత్ పడే నరకాన్ని మన కళ్లముందే పెడతారు. అయినా విచారణ గదిలో ఎదుటివాడి లోపలి కుళ్లును ఫిట్జ్ ఇట్టే పట్టేస్తాడు. అది తనలోనూ ఉందని దాచుకోడు కాబట్టే పట్టగలడని నా నమ్మకం.

నన్ను పూర్తిగా కదిలించేసింది 1994 నాటి ఆల్బీ కథ. తండ్రి అంత్యక్రియలయ్యాక ఆల్బీ కార్నర్ షాపుకొస్తాడు. డబ్బులు నాలుగు పెన్నీలు తక్కువ. కౌంటర్ వెనకున్న పాకిస్తానీ ఆ నాలుగు పెన్నీలు వదులుకోడు. చదువుకునే రోజుల్లో నేనూ అలాంటి షాపులో టిల్ (డబ్బుల పెట్టె) దగ్గర నిలబడ్డాను. రాత్రి లెక్క తేలకపోతే నా కూలిలోంచే కోసేవారు. ఆ మనిషి ముఖంలో విసుగు, వెనక్కి తగ్గని ఆ చూపు నాకు కొత్త కాదు. ఆల్బీ ఇంటికెళ్లి గుండు గీసుకుని, బయొనెట్‌తో తిరిగొచ్చి అతన్ని చంపేస్తాడు. నేను వీడియో ఆపి, లేచి గదిలో తిరిగాను.

ఆల్బీ కోపానికి వేరు 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఉంది. అక్కడి తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు పోయారు. పైగా తాగుబోతు మూకలంటూ తప్పంతా వాళ్ల మీదికే తోశారు. ఆల్బీగా రాబర్ట్ కార్లైల్ ఆ అవమానాన్ని మోస్తూనే నడుస్తాడు. దాన్ని మెక్‌గవర్న్ మనకు అర్థమయ్యేలా చెప్పారు గానీ, హత్యను మాఫీ చేయలేదు. అంత నిజాయితీ క్రైమ్ కథల్లో నాకు మళ్లీ దొరకలేదు.

‘‘నా మనసు షాపతని వైపే ఉంది సార్’’ అన్నాను మర్నాడు పెద్దాయనతో.

‘‘ఉండాల్సిందే. ఆ కోపం మాత్రం మాది. మా అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది’’ అన్నారాయన. ఆ పూట లంచ్ టైమ్ అయిపోయినా మా మాటలు తెగలేదు.