ఆ తర్వాతేంది వదినా?

మా వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా 61 రోజులు వేట ఆపేస్తారు. పది, ఇంటర్ ఫలితాలొచ్చేదీ, పిలకాయల్ని యాడ చేర్చాలా అని ఇంటిల్లిపాదీ కొట్టుకులాడేదీ ఇంచుమించు అప్పుడే. మిగతా రోజుల్లో తెల్లారకముందే నీళ్ల మీదికి పోయే నాయన కూడా ఆ రెండు నెలలు ఇంటిపట్టునే ఉంటాడు. అందుకని మా నెల్లూరు జిల్లా తీరంలో మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా ఏ పాళెంలో చూసినా చెట్టు కింద వలలు బాగుచేసుకుంటా ఇదే పంచాయితీ.

మా ప్రహరీ గోడ దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కదా, పక్కింటి వదిన కూర సంగతి మొదలుపెట్టినా చివరికి చదువుల దగ్గరికే లాక్కొస్తుంది. వాళ్ల పెద్దోడు ఇంటర్ ఎంపీసీ గట్టెక్కాడు. చిన్నది పది పాసైంది.

"మావోడు మిలిటరీకి పోతానంటా ఉండాడు వదినా. నాలుక్కే లేచి ఇసకలో పరిగెత్తతా ఉండాడు. నువ్వేమంటావు?"

"పరిగెత్తనీ, మంచిదే. గానీ ఇప్పుడు వరస మారింది. 2023 నుంచి ముందు కంప్యూటర్ మీద పరీక్ష పెడతా ఉండారు. అది గట్టెక్కినోళ్లనే ర్యాలీకి పిలుస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు ఆ తర్వాతే. పుస్తకం ముడతా ఉండాడా లేదా?"

"ఫోన్లోనే చదవతా ఉండానంటాడు."

"సరే, ఉద్యోగం వచ్చిందనుకో. ఆ తర్వాతేంది?"

"తర్వాతేముంది, పెన్షను వచ్చిందాకా చేస్తాడు. మా పెదమామ చేయలా?"

ఇక్కడే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. పెదమామ నాటి పద్ధతి వేరు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. పదిహేడున్నరేళ్లు నిండిన పిలకాయలు అగ్నివీర్‌గా చేరితే పని చేసేది నాలుగేళ్లు. పథకం పెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నూటికి 25 మంది దాకా పర్మనెంట్‌గా ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి రావాల్సిందే. వాళ్లకు పెన్షన్ ఉండదు. మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. అందులో నూటికి 30 చొప్పున పట్టి పక్కన పెడతారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి చివర్లో చేతికి వచ్చేది 11 లక్షల 71 వేలు. ఆ నాలుగేళ్లూ పెళ్లి మాట ఎత్తగూడదు.

వదిన పెళ్లి సంగతి వినలేదు. ఆమె మనసు డబ్బు దగ్గరే ఆగింది.

"పన్నెండు లక్షలంటే పడవ, ఇంజను, వలలు, అన్నీ వస్తాయి వదినా!"

"వస్తాయి. అంటే నాలుగేళ్లు పోయి మళ్లీ సముద్రానికే వస్తాడనా? దానికి దగ్గిర దారి వేరే ఉండాది. అది తర్వాత చెప్తా. ఇంకో మాట కూడా అనుకోవాల. 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణం ఇచ్చిన మురళీ నాయక్ కూడా అగ్నివీరే. శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా పిల్లోడు."

వదిన చేతిలో చింతపండు పిసుకుడు ఆగింది.

"తెలుసు, టీవీలో చూశా. వాళ్లమ్మ ఏడిస్తే నేనూ ఏడ్చా. గానీ వదినా, వీళ్ల నాయన పోయే నీళ్లు మాత్రం భద్రమా? తుఫాను కాలంలో నేను నిద్ర పోతానా?"

దానికి నా దగ్గర బదులు లేదు. మాట కోస్ట్ గార్డ్ మీదికి తిప్పాను. మన కృష్ణపట్నంలోనే వాళ్ల స్టేషను ఉంది. ఆపదలో పడ్డ పడవల్ని వెతికి తెచ్చేది వాళ్లే గనక వదినకు కొత్త పేరేం కాదు. అందులో నావిక్ ఉద్యోగం అగ్నిపథ్ కిందికి రాదు, నాలుగేళ్ల గడువు లేదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివినోళ్లకు జనరల్ డ్యూటీ, పదితో అయితే డొమెస్టిక్ బ్రాంచ్. నేవీలో అగ్నివీర్‌కైనా ఎంపీసీ పనికొస్తుంది. మావాళ్లు ఆర్మీ ర్యాలీ ఒక్కటే చూస్తారు, ఇంటి ముందున్న సముద్రం మీది ఉద్యోగాలు కనపడవు.

"ఇంతకీ ఆ దగ్గిర దారి ఏందో చెప్పు" అంది వదిన.

"సిఫ్‌నెట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1963లో కొచ్చిలో పెట్టారు. మద్రాసులో, విశాఖలో కూడా ఉండాది. చేపల బోట్లు నడిపేదానికి, ఇంజన్లు చూసుకునేదానికి అక్కడ నేర్పుతారు. వెసెల్ నావిగేటర్ కోర్సు ఒకటి, మెరైన్ ఫిట్టర్ కోర్సు ఇంకోటి. రెండేళ్లు. పది పాసై లెక్కల్లో, సైన్సులో నూటికి 40 ఉంటే రాయొచ్చు, వయసు మాత్రం దాటిపోగూడదు."

పక్కనే వల అల్లుకుంటున్న అన్న, అదే వదిన మొగుడు, అప్పటిదాకా విననట్టే ఉన్నాడు. ఇప్పుడు తలెత్తాడు.

"పడవ నడిపేదానికి బడా? గాలి యాడ తిరుగుతాదో, ఏ నీళ్లలో ఏ చేప ఉంటాదో మద్రాసోడు చెప్తాడామ్మా?"

"వాళ్లు చెప్పలేరన్నా, అది నువ్వే నేర్పాల. గానీ పది రోజులు సముద్రంలో ఉండే పెద్ద బోటుకు నిన్ను స్కిప్పర్‌గా పెట్టుకోమంటే ఏమడగతారు? సర్టిఫికెట్. ఆ కోర్సు చేసి, లెక్క ప్రకారం సముద్రం మీద పనిచేస్తే మేట్ పరీక్ష రాయొచ్చు. ఇంకొంత కాలానికి స్కిప్పర్ పరీక్ష. నీ పని తెలిసిన కొడుకుకు ఆ కాగితం కూడా ఉంటే వాడి జీతం వాడు అడిగి తీసుకుంటాడు."

అన్న మళ్లీ వలలోకి తల దించాడు గానీ అల్లడం మానేశాడు.

షిప్పు ఉద్యోగాల మాట కూడా వచ్చింది. వదిన చెల్లెలి కొడుకును ఎవరో ఏజెంటు లక్షలు కట్టమన్నాడంట, ఆరు నెలల్లో విదేశీ ఓడ ఎక్కిస్తానన్నాడంట. జీపీ రేటింగ్ అని ఆరు నెలల శిక్షణ నిజంగానే ఉంది, పదో తరగతి చాలు. కానీ ఆ సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూడకుండా రూపాయి కట్టగూడదు. శిక్షణ పూర్తయినాక ఓడ ఎక్కించే కంపెనీ ఏదో కాగితం మీద చూపించమనాల. అడిగితే కోప్పడే ఏజెంటు దగ్గర ఇంకేం అడగాల్సిన పనిలేదు.

"మరి చిన్నదాని సంగతి?" వదిన గొంతు తగ్గించింది. "దగ్గిర కాలేజీలో ఇంటర్ చేర్చి రెండేళ్లు చూద్దామంటా ఉండాడు వాళ్ల నాయన."

"చూసేది ఏందో ముందే తేల్చుకుంటే తప్పేం లేదు. దానికి లెక్కలంటే ఇష్టమైతే ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉండాయి. పది మార్కుల మీదే సీటు, సర్కారు బడి పిల్లలకు నూటికి 4 కలుపుతారు. ఆరేళ్లకు ఇంజనీరై బయటికొస్తుంది. లేదంటే పాలిటెక్నిక్ మూడేళ్లు చేసి, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. ఐటీఐని కూడా చులకన చేయొద్దు. శ్రీహరికోట రాకెట్టు పోతా ఉంటే మిద్దెలెక్కి చూస్తామే, ఆ షార్‌లో టెక్నీషియన్ ఉద్యోగాలకు అడిగేది పదీ, ఐటీఐనే."

"అది బైపీసీ అంటాది. డాక్టరు సీటు మాకు యాడొస్తాది?"

"బైపీసీ అంటే డాక్టరు ఒక్కటేనా? ముత్తుకూరులో 1991 నుంచి ఫిషరీస్ కాలేజీ ఉండాది. బీఎఫ్ఎస్సీ, నాలుగేళ్లు. చేపలు, రొయ్యల చదువు. ఈఏపీసెట్ రాయాల."

రొయ్య మాట వచ్చేసరికి అన్న వల పక్కన పెట్టి గోడ దగ్గరికే వచ్చాడు. నెల్లూరు జిల్లాలో రొయ్య గురించి తెలియనోడు లేడు. 1990ల నడిమధ్య తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు గుంటలే ఖాళీ అయినప్పుడు కూలి పోగొట్టుకున్నోళ్లలో ఆయనా ఒకడు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ గుంటలు నిండాయి. హేచరీలు, మేత కంపెనీలు, నీళ్లు పరీక్ష చేసే ల్యాబులు ఈ తీరం పొడుగునా ఉన్నాయి. జబ్బు ఎందుకొచ్చిందో చెప్పగలిగిన మనిషి కోసం రైతులు ఎదురు చూస్తారు.

"ఆ రోజు ఒక్కడన్నా మాకు ముందే చెప్పుంటే..." అని అన్న ఆగిపోయాడు. వదిన ఆయన వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

"ఆడపిల్లలు చదవతా ఉండారా అందులో?"

"అట్టా అడిగితే నేనేం చెప్తా? నేవీలో అగ్నివీర్ మొదటి బ్యాచ్‌లోనే 273 మంది ఆడపిల్లలు చిల్కాలో శిక్షణ పూర్తి చేశారు, 2023లో. చేపల కాలేజీలో చదవలేరా? పోయి కళ్లతో చూసి రండి. చదివే పిల్లల్నే అడగండి, సీనియర్లు ఇప్పుడు యాడ పనిచేస్తా ఉండారో, ఎంత జీతమో."

చివరికి తేలింది ఏమంటే, పెద్దోడు ఆర్మీ పరీక్షకూ కోస్ట్ గార్డ్‌కూ రెండిటికీ చదవాలి, వయసు సరిపోతే సిఫ్‌నెట్‌కూ పెట్టాలి, సాయంత్రం గంట నా దగ్గర లెక్కలు చేయాలి. చిన్నదాన్ని తీసుకుని వచ్చే సోమవారం ముత్తుకూరు ప్రయాణం. నన్నూ రమ్మంది వదిన. బస్సు చార్జీలు తనవేనంట, నెల్లూరులో దిగినాక కారందోశ మాత్రం నేను పెట్టించాలంట. అన్న కూడా వస్తానన్నాడు, కాబట్టి దోశలు నాలుగు.