పాప్‌కార్న్ డబ్బా... గాలం దారం!

రోడ్డు మధ్య డివైడర్ల మీద, పార్కుల్లో, రైలు పట్టాల పక్కన... భుజానికి మిషను తగిలించుకుని గడ్డి కోసేవాళ్లు కనిపిస్తుంటారు. బుర్రుమంటూ దాన్ని అటూ ఇటూ ఊపుతుంటే మోకాలెత్తు గడ్డి కూడా ఇట్టే నేలకొరుగుతుంది. అంత పదునైన కత్తి ఏముందా అని ఆగి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలా మిషన్ల చివర కత్తే ఉండదు. రెండు నైలాన్ దారం ముక్కలుంటాయి. అంతే!

ఈ దారం వెనక ఓ డ్యాన్సు మాస్టారి కథ ఉంది. ఆయన పేరు జార్జ్ బల్లాస్. అమెరికాలోని హ్యూస్టన్‌లో డ్యాన్సు స్కూలు నడిపేవాడు. ఇంటి చుట్టూ పెద్ద తోట, తోట నిండా చెట్లు. పచ్చిక అంచులు కత్తిరించడానికి యంత్రం ఉంది. చిక్కల్లా చెట్ల మొదళ్ల దగ్గరే. ఇనుప బ్లేడును అక్కడిదాకా తీసుకెళ్తే గడ్డితో పాటు బెరడూ తెగుతుంది. చెట్టుకు బెరడంటే పై చొక్కా కాదు, ప్రాణం. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరేది దాని లోపలి పొర నుంచే. చుట్టూతా తెగిపోతే ఎంత పెద్ద చెట్టయినా క్రమంగా ఎండిపోతుంది.

1971లో ఓ రోజు కారు కడిగించడానికి వెళ్లాడు బల్లాస్. అక్కడ గిరగిరా తిరుగుతున్న పెద్ద బ్రష్షుల మీద ఆయన చూపు పడింది. వేగం అందుకోగానే వాటి నైలాన్ పోచలు నిటారుగా నిలబడుతున్నాయి. సందుల్లోకి దూరి మురికి వదిలిస్తున్నాయి. కారు రంగు మీద మాత్రం గీత పడటం లేదు. మరి చెట్టు దగ్గర కూడా ఇలాంటిదే ఎందుకు పనికిరాదు?

ఇంటికెళ్లి ఓ ఖాళీ పాప్‌కార్న్ డబ్బా తీసుకున్నాడు. దానికి బెజ్జాలు పెట్టి, చేపల గాలానికి వాడే గట్టి దారం ముక్కలు కట్టి, అంచులు కత్తిరించే యంత్రానికి బిగించాడు. చప్పుడు ఘోరంగా ఉంది. కానీ గడ్డి తెగింది, బెరడుకు గాటు పడలేదు. పారేయాల్సిన డబ్బా, కాస్తంత దారం... ఇంతకు మించి ఖర్చేముంటుంది!

తయారుచేస్తామని కంపెనీలేవీ ముందుకు రాలేదు. దాంతో తనే తయారీకి దిగాడు. కలుపును మేసేది అనే అర్థం వచ్చేలా ‘వీడ్ ఈటర్’ అని పేరు పెట్టాడు. కొన్నేళ్లలోనే అది కోట్ల డాలర్ల వ్యాపారమైంది. 1977లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ అనే పెద్ద సంస్థ దాన్ని కొనేసింది. బల్లాస్ 2011లో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఉన్నదాంతో పని గడుపుకోవడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. కొబ్బరి చిప్పకు కర్ర బిగిస్తే గరిటె. పాత సైకిల్ ట్యూబును చీలిస్తే మోపు కట్టే తాడు. చవగ్గా అయిపోయిందని మురిసిపోతాం. కానీ బల్లాస్ డబ్బా గొప్పదనం చవకలో లేదు, మెత్తదనంలో ఉంది. గట్టి చెట్టు తగిలితే దారం వంగి తప్పుకుంటుంది. రాయి తగిలితే తనే అరిగిపోతుంది. లేత మొక్కల బెరడు పలుచన కాబట్టి వాటి దగ్గర దారంతోనూ జాగ్రత్త తప్పదు.

మాటిమాటికీ అరిగిపోవడం కొందరికి లోపంలా కనిపించింది. దారం బదులు గొలుసు ముక్కలు బిగించే తలలు బజారులోకి వచ్చాయి. మిషను తిరిగే వేగానికి గొలుసులో ఒక్క లింకు తెగినా అది తూటాతో సమానం. 2010లో బ్రిటన్‌లో అలాంటి ప్రమాదంలోనే ఒకరి ప్రాణం పోయింది. దాంతో 2012లో యూరోపియన్ కమిషన్ ఆ రకం తలల అమ్మకాన్ని నిషేధించమని సభ్యదేశాలను ఆదేశించింది.

ఇప్పుడు మన పల్లెల్లోనూ పొలం గట్ల మీద గడ్డికీ, పశువుల మేతకీ ఈ మిషన్లే వాడుతున్నారు. దారం అయిపోయిందని చేతికందిన బైండింగ్ వైరు చుట్టేముందు ఒక్క క్షణం ఆగాలి. గట్టు మీద పిల్లలుంటారు, పక్కనే గేదెలుంటాయి. మిషను పట్టినవారికి కళ్లద్దాలు, కాళ్లకు బూట్లు కూడా ఉండాల్సిందే.

ఇంట్లో ఏ యంత్రానికైనా సొంతంగా ఏదన్నా బిగించేటప్పుడు ‘పనిచేస్తుందా?’ అని అందరూ అడుగుతారు. ‘తెగితే ఎటు పోతుంది?’ అని కూడా అడిగితే సగం ప్రమాదం అక్కడే ఆగిపోతుంది. దారం తెగితే పోయేది దారమే.