ఎత్తిపోతల రాతి గిన్నె

హిమాలయాలలో హిమానీనదాలు కొండలను తొలిచి ఏర్పరచిన రాతి గిన్నెలను చూడడానికి యాత్రికులు ఎంతో దూరం నడుస్తారు. మంచెరుగని మన పల్నాడులో ఆ పని నీరు చేసింది. మాచర్ల సమీపాన ఎత్తిపోతల వద్ద చంద్రవంక దాదాపు 70 అడుగులు క్రిందికి దూకి, ఆపై కృష్ణలో కలుస్తుంది. దూకే నీరు గోడ పాదాన్ని తొలుస్తుంది. ఆధారం పోయిన పైబండ విరిగి పడుతుంది. వేల ఏండ్లుగా సాగుతున్న పని అది.

"మదర్సా పిల్లలకు ఈ రాళ్ళ సంగతి ఎందుకు హజ్రత్?" అని ఒక తండ్రి అడిగారు. కఠిన హృదయాలను గూర్చి చెబుతూ, చీలి నీటినిచ్చే రాళ్ళను బఖరా సూరా 74వ ఆయత్ ప్రస్తావిస్తుంది. దాని అర్థం నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాశానో! ఎత్తిపోతల వద్ద నిలబడిన పిల్లలకు ఒక్కసారి చెబితే చాలింది. ఆయన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఈ శీతాకాలం ఆయన కుమారుడు తప్ప తరగతి అంతా బయలుదేరుతున్నది.