ములకలపల్లి హార్మోనియము

కొత్తగూడెమున రైలు దిగి ములకలపల్లికి రాదలచువారు ముందుగా నొక సంగతి తెలిసికొనవలెను. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. భద్రాచలమునకు రైలు లేదు. దేవుని యూరని యచట దిగి, గోదావరి యేదీ యని వెదకుకొను యాత్రికులను మేము పలుమారు చూచితిమి. అచటినుండి పాల్వంచ మీదుగా బస్సులో వచ్చినచో దారికిరుప్రక్కల టేకుచెట్లును, వెదురుపొదలును, నడుమ నడుమ కోయగూడెములును కన్పట్టును. ఇప్పపూల కాలము వచ్చినదా, తెల్లవారకముందే స్త్రీలు బుట్టలు చేతబట్టి చెట్లక్రిందికి చేరుదురు. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడువరకు నీ మండలము ఖమ్మము జిల్లాలోనిది.

ఈ యూరి రామాలయమున నొక పాత హార్మోనియము కలదు. అందరును దానిని పెట్టె యనియే పిలుతురు. ఎన్నడో చెదరిపోయిన యొక నాటక సమాజమువారి యొద్ద కొన్నదట. మెట్లు 42, మెట్టు క్రింద రెండేసి చొప్పున రీడులు 84. రీడుల పలకలపై జర్మనీ ముద్ర యున్నది. దానిని వాయించునాయనకు ఎనుబదియేండ్లు దాటినవి, మేమాయనను తాతగారందుము. కంటిచూపు తగ్గినది గాని వ్రేళ్ళకు త్రోవ తెలియును.

గత సంవత్సరము మాఘమాసమున, తాతగారు పాడు శ్రుతికి పంచమమగు మెట్టు కొంచెము దిగినది. ఆ సంగతి మొదట నెవ్వరికిని తట్టలేదు. మా యాడవారి గొంతులే యెక్కువ పోవుచున్నవని పురుషులు నిశ్చయించిరి. మేమును నమ్మి కొన్నాళ్ళు గొంతు తగ్గించుకొని పాడితిమి! పిమ్మట జీర వచ్చినది. శివరాత్రి జాగరణమునాడు పై రీడు మూగవోయి, మంద్రపు రీడు మాత్రము బోలుగా పలికినది. తాతగారు పాట నాపి, "అమ్మాయిలదేం తప్పు లేదు, నాలుక చిట్లింది" అనిరి.

రీడనగా నిత్తడిపలకకు ఒకకొనను బిగించిన సన్నని యిత్తడి నాలుక. పలకలో దానికి సరిపడు సందుండును. గాలి తగులగా నాలుక యా సందున నిటునటు ఊగి పలుకును. మొదట పగులు వచ్చును, శ్రుతి దిగును, తుదకు విరుగును. ఎక్కువగా వాయించు మెట్టే ముందు పోవుట సహజము గదా.

మేము మొదట దాని నొక పట్టణమున కంపితిమి. అచటి దుకాణమువారు క్రొత్త రీడొకటి తగిలించి యిచ్చిరి. నలుగురు మెల్లగా మాటలాడుకొనుచోట నొకడు కేకవేసినట్లుండెను దాని పలుకు. పాత రీడేదని యడిగినచో పారవేసితిమనిరి. ఇంత పాతదానిపై డబ్బు పోయుటకంటె ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుట మేలని సలహా కూడ నిచ్చిరి. మా యూరి యువకులు వెంటనే చందాల పట్టీ వ్రాసిరి. అందు తప్పేమియు లేదు, వారి యుత్సాహము వారిది. తాతగారు మారు మాటాడక పెట్టెమీద తువ్వాలు కప్పి యింటికి వెడలిరి. మరుసటి శనివారము భజనకు రాలేదు. ఆ తరువాతి శనివారమును రాలేదు.

ఈ యడవిసీమకు వాద్యములు క్రొత్తవి కావు. మణుగూరు ప్రాంతపు డోలికోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. ఆయన 2024లో కీర్తిశేషులైరి. డోలుకు కావలసిన కొయ్యయు తోలును చుట్టుప్రక్కలనే దొరకును. హార్మోనియము సంగతి యట్లు కాదు. 1840 ప్రాంతమున ప్యారిస్ నగరమున డెబెయిన్ అను నతడు దానికి రూపమిచ్చెను. అది కాళ్ళతో త్రొక్కి కుర్చీలో కూర్చుండి వాయించునది. 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు తిత్తిని వెనుకకు చేర్చి, నేలపై కూర్చుండి చేతితో నూదుటకు వీలుగా మార్చిరి. నాటకములవలనను భజనలవలనను అది మన పల్లెలకెక్కెను. గమకము పలుకదని 1940లో రేడియోవారు నిషేధించి 1971 వరకు దూరముంచిరి. మా రామాలయమున కా నిషేధము సోకలేదు. ప్యారిస్ రీడులనియు జర్మనీ రీడులనియు పెద్దలు మురిసికొను రీడులు నేడు పాత పెట్టెలలోనే యున్నవి. గుజరాతులోని పాలితానాలో క్రొత్త రీడులు తయారగును. అవి చెడ్డవి కావు గాని, పాతవాని నడుమ నొక్కటి చేరినచో గొంతు కలియదు.

రాజమహేంద్రవరమున గోదావరిగట్టు చేరువ నొక సందులో పాత పెట్టెలు బాగుచేయు వృద్ధుడున్నాడని విని, ఫాల్గుణమున నొక ఆదివారము మావారును మేమును బయలుదేరితిమి. దమ్మపేట, అశ్వారావుపేటల ప్రక్క ఆయిల్‌పామ్ తోటలు బారులు దీరి యున్నవి. తెలంగాణలో స్త్రీలకు 2023 డిసెంబరు నుండి బస్సు ఉచితము. సరిహద్దు దాటినపిమ్మట టికెట్టు తీసికొంటిమి, పెట్టెకు వేరుగా నొకటి. జంగారెడ్డిగూడెము, కొవ్వూరు దాటువరకు దానిని నేలపై పెట్టనీయక యొడిలోనే యుంచుకొంటిమి. గోదావరి కనబడగానే మావారు దణ్ణము పెట్టిరి. మాకు చేతులు ఖాళీ లేవు.

ఆ వృద్ధుడు మూత తీసి, మెట్టుమెట్టును పలికించి, "అమ్మా, ఎనభై నాలుగూ మార్చేస్తే మీకు చింత ఉండదు. ఒక్కటే వేస్తే రేపు దాని పక్కది పోతుంది" అనెను. అతని మాట న్యాయమే. మేము తాతగారి కథ చెప్పితిమి. అతడు కొంతసేపూరకుండి, గోడప్రక్కనున్న సొరుగు లాగెను.

దానినిండ రీడులే! చచ్చిన పెట్టెలనుండి యూడదీసి, స్వరమువారీగా దారములకు గుచ్చి యుంచినాడు. నిలువు పియానోలకును ఇదే గతియట. మెట్టును నొక్కగా తీగను కొట్టు చిన్న సుత్తియు, దాని కొయ్యకీలును, ఒక్కొక్క కర్మాగారమువా రొక్కొక్క తీరున చేసిరి. ఆ కర్మాగారములు పెక్కు మూతపడినవి. కావున నొక పియానో బ్రతుకవలెనన్న మరియొక పియానో ఎముకలు కావలెను.

పొడవు, వెడల్పు కలిసిన రీడు దొరకుటకు గంట పట్టినది. అది యరస్వరము తక్కువ పలికెను. నాలుకకొన గీచినచో శ్రుతి పెరుగును, మొదట గీచినచో తగ్గును. అతడు నాలుక క్రింద పలుచని రేకుంచి, కొనయందు సన్నని ఆకురాయితో రెండు మారులు గీచి యాగెను. చేతివేడి చల్లారువరకు శ్రుతి చూడరాదట. మరల గీచెను. కొన యెత్తు హెచ్చైనచో గాలి యెక్కువ కావలెను, తగ్గినచో నాలుక యంటుకొని పలుకదని చూపుచు, గోటితో కొంచెము వంచెను. పనికంటె వినుట కెక్కువసేపు పట్టెను. తిత్తి మడతలకు క్రొత్త తోలతికించి, వానకాలమునకు కొన్ని జాగ్రత్తలు చెప్పెను. అవి మన చెల్లెండ్ర కుపయోగించును. పెట్టెను వంటయింటి పొగకు దూరముగా నుంచవలెను. తిత్తిని మూసియుంచవలెను. వారమున కొకమారైనను వాయించవలెను. మెట్టు బిగిసినచో నూనె వేయరాదు. కొయ్య యుబ్బి యుండును, ఎండకాలమున తానే సడలును.

నవమికి ముందటి శనివారము తాతగారిని పిలుచుకొని వచ్చితిమి. పెట్టెపై తువ్వాలు తీసి, తడిమి, షడ్జమునుండి మెల్లగా నెక్కిరి. పంచమముకడ చేయి నిలిచినది. మరల నొక్కిరి. "ఇది మన పెట్టెలోది కాదు" అనిరి. మావారు సొరుగు సంగతి చెప్పిరి. తాతగారు మూడవమారు నొక్కి, చెవియొగ్గి, "అయితేనేం, ఇదీ ముసల్దే" అని నవ్వి పాట యెత్తుకొనిరి. ఆ రాత్రి మేము గొంతు తగ్గింపకయే పాడితిమి.

చందాల పట్టీని యువకులింకను చింపలేదు. ఈ వానకాలము పిమ్మట తారస్థాయి షడ్జము కొంచెము దిగినట్లు మాకు తోచుచున్నది. తాతగారితో మేము చెప్పలేదు. ఆయనకు తెలియకుండదు.