పులుసుకు నిలిచే రాయి

పెళ్ళికొడుకును వెతకడమూ, వంటగట్టుకు రాయిని వెతకడమూ ఇంచుమించు ఒకటే. చూపుల నాడు నిగనిగలే కనబడతాయి; అసలు గుణం బయటపడేది కాపురంలోనే. పెళ్ళికొడుకుల సంగతి పెద్దలకు వదిలేసి, రాతి సంగతి చెబుతాను.

మా అమ్మమ్మకు ఈ బెడద లేదు. పీట వేసుకుని కూర్చుని, కట్టెలపొయ్యి మీద ఎంతమందికైనా వండి వార్చేది. గ్యాసుపొయ్యి వచ్చాక వంట నేలమీదనుంచి లేచి నిలబడింది. దానితోపాటు ఆడవాళ్ళూ నిలబడ్డారు. అప్పటినుంచీ ఇంట్లో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేది ఆ గట్టే. కూరలు తరిగేది దానిమీద, కాగిన మూకుడు దించేది దానిమీద, పాలు పొంగకుండా కాపలా కాస్తూ నేను పరీక్ష పేపర్లు దిద్దేదీ దానిమీదే.

మా వంటిల్లు బాగుచేయించేటప్పుడు ఇంట్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. మావారిది పాలరాతి పక్షం. కాలేజీలో చదివే మా అబ్బాయిది కొత్తగా వచ్చిన క్వార్ట్జ్ పలకల పక్షం. మా అత్తగారిది కడపబండ పక్షం. నేను తెలుగు పంతులమ్మను. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూడందే పాఠం తేల్చని జాతి మాది. అందుచేత రాళ్ళ కొట్టునుంచి తలా ఒక ముక్కా, వాటితోపాటు గ్రానైటు ముక్కలూ తెచ్చి వరసగా పేర్చాను. ఒక్కొక్కదాని మీద చెంచాడు చింతపండు గుజ్జు, ఒక నిమ్మచెక్క, కాస్త పసుపునూనె వేసి రాత్రంతా వదిలేశాను.

తెల్లవారి కడిగి చూద్దుము గదా, పాలరాయి మీద నిమ్మచెక్క ఉన్నంతమేరా నునుపు పోయి మసకబారింది. కడపబండ మీద తెల్లటి మచ్చ పడింది. "మా పుట్టింట్లోనూ అంతేనమ్మా, కనబడకుండా నూనె రాసేవాళ్ళం" అని అత్తగారు అసలు సంగతి చెప్పారు. ఇందులో వింతేమీ లేదు. పాలరాయిలోనూ, సున్నపురాతి జాతికి చెందిన కడపబండలోనూ ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలితే అది కరుగుతుంది. మరక అయితే సబ్బుతో పోతుంది. ఇది మరక కాదు, గాయం. మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. తాజ్‌మహలుకు పాలరాయి నప్పిందంటే, అక్కడ పులిహోర కలిపేవాళ్ళు లేరు గనక!

క్వార్ట్జ్ పలక పులుపుకు చలించలేదు. కాని అది రాతిపొడిని రెసిన్‌తో అతికించి చేసినది. కాగే మూకుడు నేరుగా దించితే ఆ రెసిన్ మాడవచ్చు. అంతకంటే పెద్ద సంగతి మరొకటుంది. అందులో సిలికా నూటికి తొంభై పాళ్ళదాకా ఉంటుంది. పలక కోసేటప్పుడు లేచే ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరి, నయంకాని సిలికోసిస్ జబ్బు తెస్తున్నదని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అటువంటి పలకల తయారీ, సరఫరా, బిగింపు నిషేధించింది. ఈ మాట విన్నాక మా అబ్బాయి తన పక్షానికి రాజీనామా ఇచ్చాడు.

చివరకు గెలిచింది గ్రానైటు. పులుపుకూ, వేడికీ, కత్తికీ అదే నిలిచింది. లేతరంగు ముక్కలో మాత్రం పసుపునూనె కాస్త ఇంకింది. అటువంటిది కొనేవారు సీలరు పూయించుకోవాలి. మేము ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి తీసుకున్నాం. భూగర్భశాస్త్రం దాన్ని గాబ్రో జాతి అంటుంది, బజారులో గ్రానైటే. అందులో తళుక్కుమనే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. అమావాస్య ఆకాశంలా ఉంటుంది. అయితే నలుపు మీద గోధుమపిండీ, ఉప్పునీటి చారలూ బాగా కనబడతాయి. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేస్తే చాలు.

గ్రానైటులో సిలికా పాళ్ళు తక్కువేగాని, రాయి ఏదైనా దాని దుమ్ము దుమ్మే. అందుకని సింకు రంధ్రంతో సహా కొట్లోనే, నీళ్ళు పారే యంత్రం మీద కోయించాం. అంచులు గుండ్రంగా తీయించాం. మన గట్టుకోసం ఒకరి ఊపిరి తీయకూడదు గదా!

రాయి కుదిరింది. మేస్త్రీ వచ్చి, "మామూలు ఎత్తేనా అమ్మా?" అన్నాడు. మా అత్తగారు నాకంటే జానెడు పొట్టి. పాత గట్టు దగ్గర ఆవిడ పీట ఎక్కి గరిటె తిప్పేవారు. ఎదురుగా కాగే నూనె, కాళ్ళకింద కదిలే పీట! నా గుండె గుప్పిట్లో ఉండేది. నిలబడి చేయి మడిస్తే, మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా గట్టు ఉండాలి; గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది గనక పొయ్యి దగ్గర ఇంకొంచెం తగ్గినా మంచిదే. ఆవిణ్ణి గోడవారగా నిలబెట్టి మోచేతి దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. కూరలు తరిగే వైపు నా ఎత్తుకూ, పొయ్యి వైపు ఆవిడ ఎత్తుకూ కట్టించాం.

రెండు మెట్లుగా ఉన్న గట్టు చూసి చుట్టపక్కాలు "అందం చెడింది" అన్నారు. మా అత్తగారు మాత్రం పీటను తీసుకెళ్ళి దేవుడి గదిలో వేసుకున్నారు.