కాపెల్‌లో గోళీలాట

“గోల్ఫా? అది రిటైరైన డాక్టర్లు ఆడుకునేది కదండీ!”

నేను గరాజ్ సేల్‌లో ఒక పాత గోల్ఫ్ కర్ర కొనుక్కొచ్చిన రోజు మా ఆవిడ అన్న మాట ఇది. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నా అభిప్రాయమూ అదే. బాపట్ల దగ్గర మా ఊళ్ళో మేము ఆడింది క్రికెట్, గోళీలు, వానొస్తే క్యారమ్స్. అంతే!

కాపెల్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డాలస్‌కి వాయవ్యంగా, డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరు ఇది. 2020 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 43 వేలు. 1843లో టెక్సాస్ అధ్యక్షుడు శామ్ హ్యూస్టన్ ఇక్కడి గ్రేప్‌వైన్ స్ప్రింగ్స్ దగ్గర విడిది చేశాడు. ఇప్పుడది చెట్ల నీడలో చక్కటి పార్కు. శనివారం ఉదయం ఓల్డ్ టౌన్‌లో రైతుబజారు. స్కూళ్ళు బాగుంటాయని వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళకి కొదవ లేదు. ఇక తలెత్తితే విమానం! నాలాంటి కన్సల్టెంట్‌కి అదే సౌకర్యం. సోమవారం తెల్లవారుజామున వెళితే గురువారం రాత్రికి ఇంట్లో ఉంటాను. ఆ మధ్య రోజుల్లో పిల్లలు పెరిగిపోతూ ఉంటారు. అది మాత్రం విమానం కిటికీలోంచి కనబడదు.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళప్పుడు నా ప్రాజెక్టు అర్ధాంతరంగా ఆగిపోయి, నాలుగు నెలలు బెంచి మీద ఉన్నాను. ఇంట్లోనే ఉన్న తండ్రికీ కొడుక్కీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదని అప్పుడు తెలిసింది. “స్కూలెలా ఉంది?” “ఫైన్.” అక్కడితో సరి. డబ్బు ఖర్చు కాకుండా ఇద్దరం కలిసి చేసే పని కోసం వెతికాను. చాలా పబ్లిక్ గోల్ఫ్ కోర్సుల్లో ప్రాక్టీసు గ్రీన్ వాడుకోవడానికి రుసుము ఉండదు. ఉద్యోగం లేనివాడికి అంతకన్నా ఏం కావాలి!

గ్రీన్ అంటే గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన పచ్చిక. దాని మీద బంతిని గుంటలోకి దొర్లించడాన్ని పట్టింగ్ అనీ, ఆ కర్రని పట్టర్ అనీ అంటారు. (నేను చాలాకాలం ‘పుట్టింగ్’ అన్నాను, మావాడు సరిదిద్దేదాకా.) మొదటిరోజే నాకు అర్థమైంది, ఇది మన గోళీలాటే! గుంట నాలుగుంబావు అంగుళాలు, బంతి 1.68 అంగుళాలు. తేడా ఏమిటంటే ఇక్కడ గోళీని వేలితో కాక కర్రతో కొడతాం.

ఇందులో ఏముందిలే అనుకోకండి. పార్ 72 ఉన్న కోర్సులో గ్రీన్‌కి రెండేసి చొప్పున 36 దెబ్బలు, అంటే సగం, పట్టింగ్ కోసమే లెక్కగట్టారు. మనం మాత్రం డబ్బంతా పెద్ద డ్రైవర్ మీద తగలేస్తాం!

నేర్చుకున్న నాలుగు మాటలు

మొదటిది పట్టు. పట్టర్‌ని పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నలపకూడదు, జారవిడవకూడదు. కళ్ళు బంతికి సరిగ్గా పైన ఉండాలి. మణికట్టు కదలకుండా, రెండు భుజాలూ చేతులూ కలిసి గోడ గడియారం లోలకంలా ఊగాలి. దూరం కావాలంటే ఎక్కువ బలంగా కొట్టడం కాదు, లోలకాన్ని ఇంకాస్త వెనక్కి తీసుకెళ్ళడం. బంతి వెళ్ళాక కూడా తల ఎత్తకూడదు. గుంటలో పడిన చప్పుడు చెవితో వినాలి.

రెండోది ద్వారం. బంతి ముందు పట్టర్ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఎడంతో రెండు టీలు గుచ్చండి. పట్టర్ వాటికి తగలకుండా వెళ్ళాలి. తగిలిందంటే మీ గీత వంకర పోతోందన్నమాట. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో చూపించే డీబగ్గర్ లాంటిది ఇది.

మూడోది గడియారం. గుంట చుట్టూ మూడడుగుల దూరంలో పన్నెండు బంతులు పెట్టి వరసగా వెయ్యాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి. పీజీఏ టూర్ ఆటగాళ్ళు కూడా ఎనిమిది అడుగుల నుంచి వేసేవాటిలో సగమే పడతాయి. మూడడుగులవి మాత్రం దాదాపు ఏవీ పోగొట్టుకోరు. అందుకే దూరం నుంచి వేసేటప్పుడు గుంట కోసం ఆశపడకుండా, దాని చుట్టూ మూడడుగుల వలయంలోకి చేర్చితే చాలు.

నాలుగోది పచ్చిక చదవడం. మన టెక్సాస్ ఎండకి ఇక్కడ ఎక్కువ గ్రీన్లలో బెర్ముడా గడ్డి వేస్తారు. ఆ గడ్డి ఒకవైపుకి వాలి పెరుగుతుంది. మీరు చూసే దిశలో మెరుస్తూ కనిపిస్తే గడ్డి మీకు అవతలివైపుకి వాలినట్టు, బంతి జోరుగా పోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురువాలు, ఇంకాస్త బలం కావాలి.

నాసాలో పనిచేసి, తర్వాత ఆస్టిన్‌లో స్థిరపడి పట్టింగ్ మీద పరిశోధనలు చేసిన డేవ్ పెల్జ్ (2025లో కన్నుమూశారు) ఒక లెక్క చెప్పేవారు. బంతి గుంటలో పడకపోతే 17 అంగుళాలు దాటి ఆగేంత జోరు ఉండాలట. గుంట చుట్టూ అందరి పాదాలూ పడి నేల మిట్టపల్లాలవుతుంది, మెల్లగా వచ్చే బంతి అక్కడే దారి తప్పుతుంది. ఇంజనీరు మాట, నాకు వెంటనే ఎక్కింది!

ఉద్యోగం మళ్ళీ దొరికాక పట్టర్ కూడా నాతో ఊళ్ళు తిరిగింది. రాత్రి హోటల్ గదిలో కాఫీ కప్పు పడుకోబెట్టి కార్పెట్ మీద యాభై బంతులు. ఫోన్లో మావాడి మొదటి ప్రశ్న, “ఎన్ని పడ్డాయి నాన్నా?” ‘ఫైన్’ పోయి లెక్కలొచ్చాయి.

99 కథ

2024 శరదృతువులో ఒక శనివారం నేను మొట్టమొదటిసారి వంద లోపు ఆడాను. 99! ఆ రాత్రి భోజనానికి వచ్చిన స్నేహితుల ముందు ఘనంగా చెప్పుకుంటున్నాను. మావాడు మెల్లగా అన్నాడు, “నాన్నా, పదకొండులో ఆ మూడడుగులది నువ్వు వెయ్యలేదు కదా. చేత్తో తీసేశావు. ఇంకో రెండు కూడా.”

స్నేహితుల మధ్య అలా ‘ఇచ్చేసుకోవడం’ మామూలే. కానీ అవి పడ్డట్టే రాసుకున్నాను. అందరూ నవ్వారు, నాకు మాత్రం చిర్రెత్తింది. తర్వాత గదిలో “అందరి ముందూ ఎందుకన్నావు?” అని అడిగాను. వాడన్నాడు, “సాహిత్ చెప్పేశాడు కదా నాన్నా.”

సాహిత్ తీగల కాలిఫోర్నియాలో పుట్టిన మన తెలుగు కుర్రాడు. తల్లిదండ్రులది హైదరాబాదు. 2023లో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 2024 ఆగస్టులో అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజున, బంకర్‌లో తన కర్ర వెనక్కి వెళ్ళేటప్పుడు ఇసుకకి తగిలిందనిపించి తనే అధికారికి చెప్పాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. ఆ మ్యాచ్ మేమిద్దరం సోఫాలో కూర్చుని చూశాం. “చూశావా, అదీ పద్ధతి!” అన్నది నేనే!

మర్నాడు కార్డు మీద 99 కొట్టేసి, ఆ మూడూ తప్పినట్టే లెక్కవేసి 102 రాశాను.

ఆరు నెలల తర్వాత, చివరి గ్రీన్ మీద మళ్ళీ మూడడుగుల బంతి. పడితే 99. పెన్సిలు మావాడి చేతిలో ఉంది, వాడేమీ అనలేదు. లోలకం ఊగింది, తల ఎత్తలేదు, చప్పుడు కోసం విన్నాను. రాలేదు. అంచు తిరిగి బయటికి పోయింది.

వాడు 100 అని రాసి, కార్డు నాకిచ్చి, “వచ్చే శనివారం గడియారం ఆడదాం నాన్నా” అన్నాడు. మా పైనుంచి విమానం ఒకటి దిగుతోంది. సోమవారం నేను ఎక్కాల్సింది గుర్తొచ్చింది కానీ, శనివారానికి ఇంకా ఐదు రోజులే కదా అనిపించింది.

కాపెల్ వైపు వస్తే మాతో రండి. గోల్ఫ్ రాకపోయినా పరవాలేదు, గోళీలు ఆడిన చెయ్యి చాలు. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. లెక్క వాళ్ళ చేతికివ్వండి.