నీలిగుడ్డ బేరం

బేరమాడగల ఆడవాళ్ళంటే నాకు చిన్నతనంనుంచీ గౌరవం. మావారు అడిగినంతా పోసి తెచ్చే వంకాయల్ని పంజగుట్ట సందులో సగం ధరకు తెచ్చే శక్తి సామాన్యమైనదా? అందుకే, మహిళా దినోత్సవానికి మా అమ్మాయిని కాలేజీలో "లోకంలో పేరుపొందిన స్త్రీ వర్తకులు" అని ఉపన్యాసం ఇమ్మన్నారంటే నాకు సంతోషం కలిగింది.

పేర్లు రాసుకొంటున్న పిల్ల హఠాత్తుగా కలం ఆపింది.

"అమ్మా, ఈ టినుబు అనే ఆవిడ మనుషుల్ని కూడా అమ్మిందట. ఈవిడ పేరు చెప్పనా, మాననా?"

మావారు పేపరు అడ్డం పెట్టుకొన్నారు. ఇలాంటి సమయాల్లో మగవాళ్ళను పేపరు భలే ఆదుకొంటుంది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేదాన్ని, చరిత్ర నా శాస్త్రం కాదు. అయినా పిల్ల అడిగింది గనుక ఇద్దరం కూర్చుని చదివాము.

ఎఫున్‌రోయే టినుబు పశ్చిమ ఆఫ్రికాలోని లాగోసులో పొగాకు, ఉప్పు, తుపాకులతోబాటు బానిసలతోనూ వ్యాపారం చేసిన ఘనురాలు. రాజుల్ని నిలబెట్టగల పలుకుబడి ఆవిడది. 1856లో ఇంగ్లీషువారు ఆవిడను లాగోసునుంచి వెళ్ళగొట్టారు. లాగోసు నడిబొడ్డున ఒక కూడలికి ఇప్పటికీ ఆవిడ పేరే. అంగోలాలోని లువాండాలో డోనా ఆనా జొవాకినా అని మరొకావిడ. సొంత ఓడలమీద బ్రెజిలుకు బానిసల్ని ఎగుమతి చేసింది. 1859లో చనిపోయింది.

నా మనస్సు పట్టుకొన్నది మాత్రం వీరిద్దరూ కాదు. సెనెగల్ తీరాన గోరే ద్వీపంలోనూ, సేన్ లూయీలోనూ 18వ శతాబ్దంలో "సిన్యార్లు" అనే ఆడవాళ్ళుండేవారు. ఫ్రెంచి దొరల్ని ఆ దేశాచారం ప్రకారం పెళ్ళాడేవారు. దొర ఓడెక్కి స్వదేశం పోతే, ఇల్లూ వ్యాపారమూ ఆవిడ చేతిలోనే మిగిలేవి. తలమీద గోపురంలా చుట్టిన పాగా, ఒంటినిండా బంగారం, వెనుక పరిచారికల బారు. తమ బానిసల్ని కంపెనీకి కూలికి పంపి, ఆ కూలి డబ్బు తాము పుచ్చుకొనేవారు.

వాళ్ళను వట్టి రాక్షసులనడానికి నాకు నోరు రాలేదు. దొరల రాజ్యంలో ఆడమనిషి నిలదొక్కుకోవడం మాటలా? "ఆ కాలం అలాంటిదిలే" అని నా పెదవిదాకా వచ్చింది కూడా. ఇంతలో మా అమ్మాయి మరొక పేజీ తిప్పింది. సిన్యారు ఇంట్లో జొన్నలు దంపేదీ, బట్టలుతికేదీ ఎవరు? కొనుక్కొన్న బానిస స్త్రీలే. ఆవిడ మేడ నిలబడ్డది మరో ఆడదాని భుజాలమీద! ఇక ఆ మాట నోట రానీయలేదు.

ఇది నల్లవారి వర్తకమే అనుకొంటారేమో. 1833లో ఇంగ్లండు బానిసత్వాన్ని రద్దు చేసి, యజమానులకు 2 కోట్ల పౌనులు నష్టపరిహారం ఇచ్చింది. సొమ్ము అడిగినవారిలో నూటికి 40 మందికి పైగా ఆడవారే! బానిసలకు మాత్రం చిల్లిగవ్వ ఇవ్వలేదు. ఆ మూడున్నర శతాబ్దాల్లో అట్లాంటిక్ ఓడలెక్కించిన వారు సుమారు 1 కోటి 25 లక్షలమంది. దాదాపు 18 లక్షలు దారిలోనే సముద్రం పాలయ్యారు.

ఆ సాయంత్రం అమీర్‌పేటనుంచి మా వదినగారు వచ్చారు. ఇంట్లోనే చీరలు పెట్టుకొని, చుట్టుపక్కల హాస్టళ్ళ ఆడపిల్లలకు వాయిదాలమీద అమ్ముతారావిడ. అంతా విని, వర్తకురాలు అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"అది సరేగాని, మనిషికి బదులు ఏమిచ్చేవారు?"

"చాలావరకు బట్టలే, అత్తయ్యా. మన దేశపు నూలుబట్టలంటే అక్కడ ప్రాణమట" అంది మా అమ్మాయి.

17వ శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నంలోనూ, ద్రాక్షారామంలోనూ, పాలకొల్లులోనూ కొఠీలు పెట్టి మన సాలెలచేత బట్టలు నేయించి కొన్నారు. అందులో ఒక రకాన్ని ఆఫ్రికాలోని గినీ తీరం పేరుతో "గినీ గుడ్డ" అనేవారు. నీలిమందులో ముంచినదానికి ఆ తీరాన మంచి గిరాకీ.

మా వదినగారి పుట్టిల్లు పాలకొల్లే.

"నేసినవాడికేం తెలుసు, అది ఎక్కడికి పోతుందో!" అన్నారావిడ, చేతిలోని చీర మడత పెట్టకుండానే. నిజమే, ఆ సాలెవాడు అట్లాంటిక్ మాటే విని ఉండడు. టినుబుకు మాత్రం తాను ఎవర్ని అమ్ముతున్నదీ ముఖాముఖీ తెలుసు.

మా అమ్మాయి టినుబు పేరు తీసివేయలేదు. ఆవిడ సరుకుల్లో పొగాకు, ఉప్పు పక్కనే "మనుషులు" అని రాసింది. కింద పాలకొల్లునూ చేర్చింది.

"మధ్యన మా ఊరిపేరు దేనికే?" అని వదినగారు ఇంకా సణుగుతూనే ఉన్నారు.